టోపీలు తీసి చర్చికి

కుర్రవాడు నేల మీంచి లేచాడు. మోకాళ్ళకు అంటిన గడ్డి దులుపుకున్నాడు. తర్వాత తన జట్టు దగ్గరికి కాకుండా ఎదుటి జట్టు గుంపులోకి నడిచి వెళ్ళి, వాళ్ళలో ఒకడిలా నడుం వంచి నిలబడ్డాడు. ఎవరో భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పి పంపారు. తెర ముందు కూర్చున్న కోచ్‌లందరూ గొల్లుమన్నారు.

"మళ్ళీ వెయ్యి, మళ్ళీ వెయ్యి," అన్నాడు బ్రాంట్ టాలివర్ పొట్ట పట్టుకుని.

రిమోట్ లీలాండ్ హ్రుస్కా చేతిలో ఉంది. అతను మళ్ళీ వేయలేదు. లీలాండ్ బెల్కా హైస్కూల్లో పొద్దున పిల్లలకు జాగ్రఫీ చెప్పి, మధ్యాహ్నం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు డిఫెన్స్, అంటే ఎదుటివాళ్ళను ఆపే విద్య, నేర్పే మనిషి. ఆ పనిలోనే జుట్టు నెరిసింది. హెడ్ కోచ్ టాలివర్ అతని కన్నా చాలా చిన్నవాడు. నిరుడు ఎక్కడి నుంచో వచ్చాడు. గోడ మీద బైబిల్ వాక్యం అంటించాడు, దాని కింద తన ఫోటో పెట్టించుకున్నాడు. ఆదివారం కాబట్టి అందరూ ప్రార్థన ముగించుకుని ఇస్త్రీ చొక్కాలతోనే వచ్చేశారు. బల్ల మీద కొలాచీల, అంటే పళ్ళ జామ్ పెట్టిన బన్నుల, అట్టపెట్టె తెరిచి ఉంది. నవ్వి నవ్వి ఒకడి నోట్లోంచి జామ్ చొక్కా మీద పడింది.

టాలివర్ రిమోట్ లాక్కున్నాడు. తెర మీద కుర్రవాడు మళ్ళీ పడ్డాడు, మళ్ళీ లేచాడు, మళ్ళీ దారి తప్పాడు. వీపు మీద ఏడో నంబరు. పేరు యుసేబియో కాంటూ. పాలో సెకో జట్టుకు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి ఎవరికి విసరాలో, ఎవరి చేతిలో పెట్టాలో తేల్చేది వాడే. వచ్చే శుక్రవారం బెల్కా ఆడవలసింది వాళ్ళతోనే. గెలిచినవాళ్ళు ముందుకు పోతారు, ఓడినవాళ్ళకు ఈ ఏటికి ఆట అయిపోయినట్టే.

"ఆ దెబ్బ తగిలాక చూడండి," అన్నాడు టాలివర్. "బంతి చేతిలో పెట్టుకుని ఎలా గుడ్లప్పగించి చూస్తున్నాడో. ఎవడికి వెయ్యాలో తెలీదు పాపం. ఏం పెద్దాయనా, నీ పాఠం నువ్వే చెప్పు. బ్లిట్జ్ ఎప్పుడు చెయ్యాలి? అందరూ వాడి మీదికి ఎప్పుడు దూకాలి?"

లీలాండ్ నోరు తెరిచేలోగా పక్కన కూర్చున్న కుర్రకోచ్ వల్లె వేశాడు, అచ్చం లీలాండ్ గొంతుతోనే: "విసిరేవాడు బంతిని అట్టిపెట్టుకుంటున్నప్పుడు చెయ్యాలి. వాడికి కాపలా ఉన్నవాడు ఎవణ్ణి అడ్డుకోవాలో తేల్చుకోలేనప్పుడు చెయ్యాలి. మన వెనకవాళ్ళు ఒంటరిగా నిలబడగలిగినప్పుడు చెయ్యాలి. కోపం వచ్చిందని చెయ్యకూడదు, జనం అరుస్తున్నారని చెయ్యకూడదు."

"మొదటి మూడూ ఉన్నాయి. చివరి రెండూ మనకి అక్కర్లేదు," అన్నాడు టాలివర్. మళ్ళీ నవ్వులు.

వాళ్ళు తప్పు చెప్పి ఉంటే లీలాండ్‌కు కొంత నయంగా ఉండేది. ప్రతి ఆగస్టులో బోర్డు మీద సుద్దతో రాసి, పిల్లల చేత అప్పజెప్పించుకున్న ముక్కలే అవి. అక్షరం పొల్లు పోలేదు. విసిరేవాడు బంతి వదలడం లేదు, కాబట్టి కాపలా జాగాలు వదిలేసి అందరూ వాడి మీదికి దూకాలి. శాస్త్రం అదే చెబుతుంది. వాడు ఎందుకు వదలడం లేదన్న సంగతి మాత్రం శాస్త్రంలో లేదు.

"వాడి తలకి దెబ్బ తగిలింది, బ్రాంట్," అన్నాడు.

"తెలుసు. అందుకేగా చర్చి పంపమనేది."

చర్చి అన్నది కూడా లీలాండ్ పెట్టిన పేరే. బెల్కాలో ఆదివారం ఇంట్లో ఎవరూ మిగలరు, అందరూ వెళతారు. అందరూ దూకే బ్లిట్జ్‌కు అంతకన్నా మంచి పేరు అతనికి తోచలేదు. పిలుపు అందినట్టు గుర్తుగా పిల్లలు హెల్మెట్‌కు రెండు వేళ్ళు తాకిస్తారు. ఇన్నేళ్ళుగా ఊరంతా ముచ్చటపడుతున్న పేరు అది. ఆ మధ్యాహ్నం టాలివర్ నోట్లో వింటే మాత్రం దాన్ని బూట్లతో తొక్కినట్టు అనిపించింది.

సోమవారం పొద్దున బడి ముందు ట్రక్కులోనే కూర్చుని, అద్దాలు ఎత్తేసి, లీలాండ్ పాలో సెకో కోచ్‌కు ఫోన్ చేశాడు. రే వీయారియల్ అని, ముఖపరిచయం ఉన్నవాడే. వేసవి శిబిరాల్లో ఒకే బల్ల దగ్గర తిన్నారు.

"రే, మీ ఏడో నంబరు పిల్లాడి సంగతి. పోయిన శుక్రవారం వాడు ఎదుటి జట్టులోకి నడిచి వెళ్ళడం చూశావా?"

అవతల నవ్వు వినపడింది. "ఓహో. మీరు కూడా చూశారన్నమాట."

"వాణ్ణి ఈ వారం కూర్చోబెట్టు."

"ఎంత దయ సార్ మీకు! శుక్రవారం మీతో ఆడాల్సిన మా ప్రధాన ఆటగాణ్ణి నేను కూర్చోబెట్టాలి, అది కూడా మీరు చెబితే. ఇంకెవర్ని కూర్చోబెట్టమంటారు? నన్ను కూడా కూర్చోమంటారా?"

"నేను ఆట గురించి మాట్లాడటం లేదు రే."

"మరి ఇంకేం ఉంది మాట్లాడుకోడానికి? డాక్టరు చూశాడు, బాగానే ఉన్నాడన్నాడు. వాణ్ణి చూసి తమ జట్టులోకి తీసుకోడానికి శుక్రవారం కాలేజీవాళ్ళు వస్తున్నారు. వాళ్ళ నాన్న ఇప్పుడు నా ఎదురుగానే కూర్చున్నాడు. ఇస్తాను, ఆయనకే చెప్పండి."

ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. "మా అబ్బాయికి ఏమీ లేదు," అన్నాడో బరువైన గొంతు. "మీరు భయపడుతున్నట్టున్నారు. భయపడండి." ఫోన్ పెట్టేశాడు.

లీలాండ్ ట్రక్కు తాళం చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఒక పక్క టాలివర్ నవ్వు, ఇంకో పక్క ఈ నవ్వు. మధ్యలో ఆ కుర్రవాడు. పిల్లాడి తల పగలడానికి రెండు ఊళ్ళ పెద్దమనుషులూ ఎంత చక్కగా ఒక మాట మీదికి వచ్చారో! రెండు జట్లు ఇంత పొందికగా పని చేయడం అతను ఇన్నేళ్ళలో చూడలేదు.

మంగళవారం ప్రాక్టీసుకు వెళ్ళేసరికి కొట్టడానికి వాడే దిండుబొమ్మకు కాగితం ఏడో నంబరు అంటించి ఉంది. దానికి రెండు అడ్డగీతల కళ్ళు కూడా గీశారు. కార్లు అమ్మే గేలన్ మారెక్, జట్టుకు చందాలు పోగుచేసే సంఘానికి పెద్ద, కంచె మీద మోచేతులు ఆనించి నిలబడి కేకేశాడు: "ఏడుని కొట్టి బెంచీ మీద పడేసినవాడికి నెల్లాళ్ళు బ్రిస్కెట్ మాంసం నాది రా అబ్బాయిలూ! మొక్కజొన్న రొట్టె కూడా!" పిల్లలు ఈలలు వేశారు. టాలివర్ చప్పట్లు కొట్టాడు.

లీలాండ్ బొమ్మ దగ్గరికి వెళ్ళి కాగితం చింపి ఉండ చుట్టి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రానికి ఇంకొకటి అంటించారు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. ఏం చేయగలనని ఒకటే ఆలోచన. బ్లిట్జ్ పంపనని భీష్మించుకోవచ్చు. అప్పుడు టాలివర్ హెడ్‌సెట్ లాక్కుని తనే పంపుతాడు, బ్రిస్కెట్ ఆశతో పిల్లలు తలలు ముందుకు పెట్టి దూకుతారు. రిఫరీకి చెప్పొచ్చు. ఎదుటి కోచ్ మాట మీద ఆటగాణ్ణి బయటికి పంపించే రిఫరీ ఉండడు. వాడి తల బాగాలేదని రిఫరీయే కళ్ళారా చూస్తే మాత్రం పంపించి తీరాలి, రూలు ఉంది. కానీ తెల్లటోపీ పెట్టుకునే ఆ పెద్ద రిఫరీ క్వార్టర్‌బ్యాక్ వెనక దూరంగా నిలబడతాడు. ఆయనకు వీపు కనిపిస్తుంది, మొహం కనిపించదు. మొహం చూడాలంటే ఎవరో ఒకరు వాడి దగ్గరిదాకా పోవాలి.

పళ్ళెం ముందు కూర్చున్న లీలాండ్ చేయి అక్కడే ఆగిపోయింది.

బుధవారం అతను డిఫెన్స్ పిల్లలందరినీ దిండుబొమ్మల ముందు వరస కట్టించాడు. "ఈ వారం చర్చి ఉంటుంది. బోలెడంత ఉంటుంది," అన్నాడు. పిల్లలు కేకలు వేశారు. "కానీ చర్చిలోకి టోపీ పెట్టుకుని పోతామా?"

"పోము కోచ్."

"తీసి చేత్తో పట్టుకుంటాం కదా. ఇక్కడా అంతే."

ఆ ఆటలో హెల్మెట్‌ను టోపీ అనడం అలవాటు. వాడి మీద టోపీ పెట్టు అంటే వాణ్ణి గుద్దెయ్యమని. లీలాండ్ తన నెత్తి మీది గుడ్డటోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. "చర్చి పిలుపు తర్వాత నేను ఇలా చేశానంటే, తల వెనక్కి. ఛాతీ ముందుకి. చేతులు చాచి వాటేసుకోవాలి. కింద పడెయ్యకూడదు, నిలబెట్టి పట్టుకోవాలి. ఈల వేసేదాకా వదలకూడదు."

తనే చేసి చూపించాడు. మోకాళ్ళు వంచి, పొట్టి అడుగులతో వెళ్ళి, దిండుబొమ్మను చంకల కింద నుంచి చుట్టేసి, గడ్డం పక్కకు తిప్పి, అలాగే నిలబెట్టి ఉంచాడు. మోకాలు కలుక్కుమంది. పిల్లలు నవ్వారు. ఒక్కొక్కడి చేత మళ్ళీ మళ్ళీ చేయించాడు. తల ముందుకు పెట్టినవాణ్ణి వెనక్కి పంపాడు.

"ఏంటిది, డాన్సు నేర్పుతున్నావా పెద్దాయనా?" టాలివర్ వచ్చాడు.

"పోయినసారి తలతో గుద్ది జరిమానా తెచ్చారు. పదిహేను గజాలు పోయాయి. మళ్ళీ పోగొట్టుకుందామా?"

టాలివర్ ఆలోచించి తల ఊపాడు. గజాల భాష అతనికి వెంటనే అర్థమవుతుంది.

ప్రాక్టీసు అయ్యాక ఒడెల్ ప్రైస్ ఒక్కడే ఉండిపోయాడు. మధ్యలో నిలబడే లైన్‌బ్యాకర్, జట్టు కెప్టెన్. చర్చి పిలిస్తే అందరికన్నా ముందు చేరేది వాడే. వాడి హెల్మెట్ నిండా బిళ్ళలు, గట్టి దెబ్బకు ఒకటి చొప్పున టాలివర్ అంటించినవి.

"జరిమానా కోసం కాదు కదా కోచ్?"

లీలాండ్ ఈలతాడు వేలికి చుట్టుకున్నాడు. "కాదు."

"నన్ను చూడ్డానికి కూడా కాలేజీవాళ్ళు వస్తున్నారు. వాళ్ళు దెబ్బ చూడ్డానికే వస్తారు. కౌగిలింతలు చూడ్డానికి రారు."

"తెలుసు."

"తెలిసి కూడా అడుగుతున్నారు."

"అడుగుతున్నాను. నువ్వు అందుకోగానే వాడి మొహంలోకి చూడు. మాట్లాడించు. బాగానే ఉన్నాడనుకో, ఆ తర్వాత నీ ఆట నువ్వు ఆడుకో, నేను అడ్డు రాను. బాగాలేడనుకో, తెల్లటోపీ ఆయన్ని పిలువు. నాకు కాదు చెప్పాల్సింది, ఆయనకి."

ఒడెల్ హెల్మెట్ మీద ఊడొస్తున్న బిళ్ళను గోటితో నొక్కాడు. "మొదటి బంతికే పంపండి," అన్నాడు. "మనవాళ్ళలో ఎవడైనా బ్రిస్కెట్ కోసం ముందే దూకకుండా."

శుక్రవారం సాయంత్రం బెల్కా అంతా మైదానంలోనే ఉంది. దీపాలు వెలిగాయి. కార్ల మారెక్ నల్ల పొగ లేచే పొయ్యి ముందు నిలబడి, మాంసం తిరగేస్తూ, "నెల్లాళ్ళు!" అని పిల్లలకు గుర్తు చేస్తూ ఉన్నాడు. వాడి భార్య పక్కనే నిలబడి నవ్వుతోంది. ఇద్దరికీ ముగ్గురు మనవలు.

పాలో సెకో చేతికి బంతి వచ్చింది. ఏడో నంబరు మైదానంలోకి వస్తూ దీపాల వైపు చూసి, తల దించుకుని, అరచేయి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. అది లీలాండ్ చూశాడు. ఎదుటి గీత మీద నిలబడ్డ వీయారియల్ చూడలేదనడానికి వీల్లేదు.

"చర్చి!" టాలివర్ హెడ్‌సెట్‌లో అరిచాడు. "పంపు, పంపు!"

లీలాండ్ చర్చి పిలుపుగా రెండు అరచేతులూ జోడించి పైకెత్తాడు. తర్వాత టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. ఆట మధ్యలో అతను టోపీ తీయడం బెల్కాలో ఎవరూ చూసి ఉండరు.

"ఏంటిది? జాతీయగీతం అయిపోయిందిగా," అన్నాడు టాలివర్.

మైదానంలో హెల్మెట్లకు రెండేసి వేళ్ళు తాకాయి. ఒడెల్ మడమల మీద బరువు వేసి, తనకేమీ పట్టనట్టు పక్కకు చూస్తూ నిలబడ్డాడు. ముందువేళ్ళ మీదికి ఒరిగితే దూకబోతున్నాడని ఎదుటివాడు కనిపెట్టేస్తాడు. బంతి కదిలింది. ఒడెల్ సందులోంచి దూరాడు. అడ్డుకోవలసినవాడు తప్పు మనిషి వైపు తిరిగాడు. యుసేబియో బంతి పట్టుకుని ఎవరి కోసమో వెతుకుతున్నాడు. వస్తున్నవాణ్ణి చూడనే లేదు. స్టాండ్లలో జనం గుండె నిండా ఊపిరి పీల్చుకుని లేచి నిలబడ్డారు.

దెబ్బ చప్పుడు వినపడలేదు. ఒడెల్ తల వెనక్కి పెట్టి, చేతులు చాచి, వాణ్ణి చుట్టేసి నిలబెట్టాడు. వెనక వచ్చినవాళ్ళు వాళ్ళ చుట్టూ చేరి ఆగిపోయారు. ఒకడు ఆపుకోలేక భుజంతో తగిలాడు, మిగతావాళ్ళు కాచుకున్నారు. ఎవరూ పడలేదు. ఈల మోగింది.

జనం అరుపు సగంలో తెగింది. "ముద్దు కూడా పెట్టుకోండి!" అని ఎవడో అరిచాడు.

ఈల మోగినా ఒడెల్ వదల్లేదు. హెల్మెట్ ఊచల్లోంచి లోపలికి చూస్తున్నాడు. ఆ పిల్లాడి తల నెమ్మదిగా ఒడెల్ భుజం మీదికి వాలింది.

"బేతో," అన్నాడు యుసేబియో స్పానిష్‌లో. "లైట్ ఆర్పెయ్ బేతో. నిద్రొస్తోంది."

బేతో ఎవరో ఒడెల్‌కు తెలియదు. భోజనాల హాల్లో విన్న స్పానిష్ ఆ మాత్రం అర్థం కావడానికి చాలు. ఒక చేత్తో వాణ్ణి పట్టుకునే, రెండో చేయి ఎత్తి ఊపాడు. "సార్! సార్, ఇటు రండి. వీడు ఎక్కడున్నాడో వీడికి తెలీదు."

తెల్లటోపీ ఆయన వచ్చి వంగి మొహంలో మొహం పెట్టాడు. ఏ ఊళ్ళో ఉన్నావని అడిగాడు. యుసేబియో ఎంతో మర్యాదగా, సార్ అని కూడా చేర్చి, పోయిన వారం ఆడిన ఊరి పేరు చెప్పాడు. వీయారియల్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "వాడి కంగారు అంతే! వాడు బాగానే ఉన్నాడు!" రిఫరీ అతని వైపు చూడను కూడా చూడలేదు. చేత్తో గీత బయటికి దారి చూపించాడు.

ఆ తర్వాత ఆట మామూలు ఆటే. ఏడో నంబరు బదులు ఒక పొట్టి కుర్రవాడు వచ్చాడు. వాడు బంతి చేతికి అందడమే ఆలస్యం, విసిరేస్తున్నాడు. ఇలాంటివాడి మీదికి అందరూ దూకితే వెనక జాగా అంతా ఖాళీ.

"ఇప్పుడు చర్చి వద్దు బ్రాంట్. వీడు బంతి దగ్గర పెట్టుకోడు."

"ఇందాక కావాల్సినప్పుడు కౌగిలించుకున్నారు. ఇప్పుడు వద్దంటావా? నోరు మూసుకో!" టాలివర్ హెడ్‌సెట్ లాక్కుని తనే చేతులు జోడించి పైకెత్తడం మొదలుపెట్టాడు. కోపంతో పంపాడు, జనం అరుస్తున్నారని పంపాడు. పంపిన ప్రతిసారీ బంతి పిల్లల నెత్తి మీదుగా వెళ్ళి ఖాళీ జాగాలో పడింది. బెల్కా ఓడిపోయింది. ఏడాది ఆట ముగిసింది.

కంచె దగ్గర ఒక లావుపాటి మనిషి లీలాండ్‌కు అడ్డం వచ్చాడు. మాట వినగానే ఫోన్‌లోని గొంతు గుర్తొచ్చింది. పాలో సెకో గెలిచిన ఆనందం ఆ మొహంలో ఎక్కడా లేదు.

"కాలేజీవాళ్ళు ఒక్క బంతి చూసి వెళ్ళిపోయారు. ఒక్కటంటే ఒక్కటి. నా కొడుకు నోట్లో మట్టి కొట్టావు." లీలాండ్ బూటు పక్కన ఉమ్మేశాడు.

"ఇప్పుడు ఎక్కడున్నాడు మీ అబ్బాయి?"

"బస్సులో పడుకున్నాడు."

"ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఇప్పుడే."

తండ్రి ఏదో తిట్టుకుంటూ వెళ్ళాడు. వెళ్ళింది బస్సు వైపే. అప్పటిదాకా బిగబట్టుకున్న రోత అంతా లీలాండ్‌కు ఒక్కసారి గొంతులోకి వచ్చింది. స్టాండ్ కింద చీకట్లోకి వెళ్ళి వాంతి చేసుకున్నాడు.

శనివారం పొద్దున మళ్ళీ అదే గది, అదే తెర, అదే అట్టపెట్టె. ఈసారి నవ్వులు లేవు. టాలివర్ మొదటి బంతి దగ్గర బొమ్మ ఆపి, లేజరు చుక్కతో ఒడెల్ చేతుల మీద గీశాడు.

"ఇదేంటి?"

"శాక్," అన్నాడు లీలాండ్. "విసరక ముందే పట్టుకుంటే దాన్ని అదే అంటారు."

"చేతికి చిక్కినవాణ్ణి ఊయల ఊపారు. నువ్వు నేర్పావు. వచ్చే ఏడు నీకు జాగ్రఫీ ఒక్కటే. హాయిగా పటాలు వేలాడదీసుకో."

పాఠం అప్పజెప్పిన కుర్రకోచ్ తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. లీలాండ్ ఏదో అనబోయేలోగా ఫోన్ మోగింది. వీయారియల్. అక్కడే కూర్చుని ఎత్తాడు.

"లీలాండ్." గొంతు బొంగురు పోయింది. "సాన్ ఆంటోనియోలో ఉన్నాం. తల లోపల నెత్తురు కారుతోందట. ఇంకొక్క దెబ్బ పడి ఉంటే అంటున్నాడు డాక్టరు... సరే, ఆ సంగతి వదిలెయ్. బతుకుతాడు. బతుకుతాడనే అంటున్నారు."

లీలాండ్ కళ్ళు మూసుకున్నాడు.

"నీకో మాట చెప్పాలని చేశాను," అన్నాడు వీయారియల్. లీలాండ్ ఆగాడు. కృతజ్ఞతలు చెప్పబోతున్నాడు కాబోలనుకున్నాడు, ఏమని బదులివ్వాలా అని ఆలోచిస్తున్నాడు కూడా. "సోమవారం నువ్వు నాకు ఫోన్ చేసిన సంగతి ఉంది చూడు. అది ఎవరికీ చెప్పకు. నాకు ముందే తెలుసని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. నువ్వూ కోచ్‌వే కదా, నీకు తెలీదా?"

ఫోన్‌లోని గొంతు అందరికీ వినపడుతూనే ఉంది. టాలివర్ కూడా వింటున్నాడు. మొట్టమొదటిసారి అతనికి చేతిలోని రిమోట్ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అడిగినవాళ్ళందరికీ చెబుతాను రే," అన్నాడు లీలాండ్. "అడగనివాళ్ళకి కూడా. ఈ గదిలోనే అయిదుగురు విన్నారు. వాళ్ళ నాన్న కూడా నీ ఎదురుగానే ఉన్నాడు ఆ రోజు. ఇప్పుడు పిల్లాడు ఏమంటున్నాడు?"

"ఏమంటాడు? స్పృహ వచ్చింది. ఒకటే గోల, లైటు లైటు అని. మాకేం అర్థం కావడం లేదు."

తెర మీద బొమ్మ ఇంకా ఆగే ఉంది. ఒడెల్ భుజం మీద ఏడో నంబరు తల, చుట్టూ చేతులు. అప్పుడు వాడన్న మాట ఒడెల్ రాత్రే లీలాండ్‌కు చెప్పాడు.

"ఆర్పారా?"

"ఏంటి?"

"లైటు, రే. వాడి గదిలో లైటు ఆర్పారా?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు, ఎవరో నడిచి వెళ్ళిన చప్పుడు, ఆ తర్వాత దూరంగా స్విచ్ నొక్కిన చప్పుడు వినపడ్డాయి.